తీసిన లింకుల్ని పారేయకండి

కూలి డబ్బులు కూడబెట్టి కొన్న స్టీలు చైను వాచీ తండ్రి నుంచి కొడుకు చేతికొస్తే తేడా తెలిసేది చైను దగ్గరే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసిన హమాలీ మణికట్టు లావు. కాలేజీకెళ్లే కుర్రాడిది సన్నం. లింకులు తీయించాల్సిందే.

చాలా చైన్లకు లోపలివైపు బాణం గుర్తులుంటాయి. రిపేరు చేసేవాళ్లు ఆ దిక్కుగానే పిన్ను కొట్టి లింకు విడదీస్తారు. లాక్‌కి రెండువైపులా దాదాపు సమానంగా తీస్తేనే అది మణికట్టు కింద మధ్యలో కూర్చుంటుంది. ఇంకా కాస్త వదులో బిగువో ఉంటే లాక్ పక్క రంధ్రాల్లో స్ప్రింగు పుల్లను జరిపితే సరి.

లక్షల ఖరీదు వాచీల్లోనూ సూత్రం ఇదే. కాకపోతే రేకు మడిచిన లింకులకు బదులు గట్టి స్టీలు ముక్కలు, చాలావాటిలో పిన్నులకు బదులు స్క్రూలు. రోలెక్స్ 'ఈజీలింక్' అయితే పనిముట్టేదీ లేకుండానే 5 మిల్లీమీటర్లు వదులవుతుంది. ఎండకి చేయి ఉబ్బుతుంది కదా మరి!

ఏళ్లు గడిస్తే చైను సాగినట్లు వేలాడుతుంది. నిజానికి స్టీలు సాగదు. దుమ్మూ చెమటా చేరి పిన్నులూ రంధ్రాలూ అరుగుతాయి. అప్పుడు కావాల్సింది అదే కొలత లింకు. 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అలాంటి పాత వాచీకి అచ్చంగా సరిపోయే లింకు దొరకడం కష్టం. అందుకే తీసిన ముక్కల్ని పొట్లం కట్టి బీరువాలో దాచాలి. కుర్రాడి చేయి రేపు తండ్రి చేయంత అవుతుంది.