సంతకము – శిక్షణ

ఒక కర్మాగారమును చూడటానికి మేము తరగతి విద్యార్థులము వెళ్ళాము. గోడపై భద్రతా సంఘ సభ్యుల పేర్లు వ్రాసి ఉన్నాయి. వారిలో కార్మికుల ప్రతినిధి ఒకరు మా మిత్రునికి స్వయాన మేనమామ. మా అందరికీ మామూజాన్. రసాయనపు పీపాపై అంటించిన ఆంగ్ల హెచ్చరికకు అర్థమేమిటని అడిగాము. "సమావేశపు పుస్తకంలో సంతకం పెట్టమన్నారు బేటా, పెట్టాను. ఇది చదివి చెప్పినవారెవరు?" అన్నారాయన. మా వద్ద సమాధానము లేకపోయింది.

చట్టము ఈ విషయమున మౌనము వహించలేదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొన్న పిమ్మట, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును 1987లో సవరించారు. ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో యాజమాన్యమూ కార్మికులూ సమసంఖ్యలో ఉండే భద్రతా సంఘము ఉండవలెనన్నారు. వీలైనచోట కర్మాగారములోనే, లేదా యాజమాన్యము పంపగా ఆమోదిత సంస్థలో, ఆరోగ్య భద్రతలలో శిక్షణ పొందే హక్కును కార్మికునికిచ్చారు. బ్రిటన్‌లో 1977 నాటి నియమాలు శిక్షణకు వెళ్ళే ప్రతినిధికి వేతనము కోతపడరాదన్నాయి.

శిక్షణ అంటే ఉపన్యాసము వినటం కాదు. పీపాపై గుర్తును చదవటం, యంత్రపు రక్షణ కవచము ఊడిందేమో చూడటం, జరిగిన ప్రమాదానికి కారణము వెదకటం, సమావేశములో నిర్భయంగా అడగటం – ఇవి నేర్వనిదే ప్రతినిధి పేరు గోడమీది వ్రాత మాత్రమే.

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. సెలవులలో ఆ హెచ్చరికలను రెండు భాషలలోనూ వ్రాసి ఇవ్వటానికి మేము సిద్ధము. కళాశాల సంఘమువారు అనుమతించి, తప్పులు దిద్దగల ఇంజనీరు నొకరిని మాకు తోడుగా పంపవలెనని కోరుతున్నాము. మామూజాన్ ఈసారి చదివి సంతకము చేయాలి.