నానమ్మకి బొట్టు ఎవరు పెట్టారు?

2024 వేసవిలో మా బాబాయి కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. రాజమండ్రిలో ఏదో కిరాణా కొట్లో తీసిందట. ఆవకాయ ప్యాకెట్. కింద ఒకటే ముక్క: "అక్కా, ఇది మన నానమ్మే కదా?"

నానమ్మే. జాడీ ముందు పీట వేసుక్కూర్చున్న తీరు, మోచేతి దాకా కారం అంటిన చెయ్యి, ముక్కు పక్కన పుట్టుమచ్చ... అన్నీ నేను గీసినవే. 2021లో ఉద్యోగం ఊళ్లో ఇంటి నుంచే చేస్తున్నప్పుడు, రాత్రిళ్లు ట్యాబ్‌లో గీసి ఇన్‌స్టాలో పెట్టిన బొమ్మ. అప్పటికి నాకు నాలుగొందల మంది ఫాలోవర్లు. దానికి మాత్రం పదకొండు వందల లైకులొచ్చాయి. అంతకుమించి ఏమీ రాలేదు లెండి.

ప్యాకెట్ మీద నా సంతకం లేదు. కింద కుడిపక్క, జాడీ నీడలో చిన్నగా పెడతాను. ఇప్పుడక్కడ 'నికర బరువు 250 గ్రా.' అని ఉంది. అదొక్కటే అయితే కోపంతో సరిపోయేది. కానీ లేబుల్ చేసినవాళ్లకి నానమ్మ నుదురు బోసిగా అనిపించినట్టుంది. రూపాయి కాసంత ఎర్ర బొట్టు పెట్టేశారు.

తాతయ్య 2009లో పోయారు. ఆ రోజు నుంచీ నానమ్మ బొట్టు పెట్టుకోలేదు. ఈ రోజుల్లో కూడా ఏంటిది అని నేను ఎన్నిసార్లు గొడవపడినా వినలేదు. బొమ్మ వేసేటప్పుడు ఆ నుదురు దగ్గరే నా చెయ్యి చాలాసేపు ఆగింది. పెడదామా, వద్దా? చివరికి ఉన్నది ఉన్నట్టే వదిలేశాను. ఆ బొమ్మలో నేను నిజంగా ఆలోచించి చేసిన పని అదొక్కటే.

ప్యాకెట్ మీదున్న నంబరుకి ఫోన్ చేశా. ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. తిట్టినా బాగుండేది.

"గూగుల్లో దొరికిందండీ. పేరేం లేదు కదా."

"పేరుంది సార్. మీవాళ్లు చెరిపేశారు."

"అయినా మీ బొమ్మ ఇంటింటికీ వెళ్తోంది కదమ్మా, సంతోషించాలి!"

బొట్టు సంగతి అడిగా. "మంగళకరంగా ఉంటుందనీ..." అన్నాడు. ఇక నాకు మాట రాలేదు.

లా చదివిన ఫ్రెండ్‌ని అడిగా. 'రిజిస్టర్ చేయించలేదు కదా, ఇంకేం చేస్తాం' అని నాలాగే మీరూ అనుకుంటుంటారు. అక్కర్లేదట. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సొంతంగా గీసుకున్న బొమ్మ మీద హక్కు గీసినప్పటి నుంచే మనది. బతికినంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. ఇన్‌స్టాలో పెట్టినంత మాత్రాన పోదు. అందులో 57వ సెక్షన్ అని ఒకటుంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, 'ఇది నేను గీసింది' అని చెప్పుకోవడానికీ, మన పరువు పోయేలా మారిస్తే అడ్డుపడడానికీ వీలుంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి మూలన పడేశారు. ఆయన ఏకంగా కేంద్ర ప్రభుత్వం మీదే కేసు వేసి గెలిచారు. 5 లక్షలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు తీర్పు. ఇది చదివి ఎగిరి గంతేశా. తర్వాత తీర్పు ఏ సంవత్సరమో చూశా. 2005.

అందుకే కోర్టు దాకా వెళ్లలేదు, నోటీసు మాత్రం పంపాం. తేదీలు, లేయర్లతో సహా అసలు ఫైల్ నా దగ్గరుంది, అదే సాక్ష్యం. (ఫోన్ స్టోరేజ్ నిండిందని ఎంత ఏడ్చినా మీ అసలు ఫైళ్లు మాత్రం డిలీట్ చేయకండి.) నెలన్నరకి ఎనిమిది వేలు, ఒక సారీ మెసేజ్ వచ్చాయి. లేబుల్ కూడా మారింది. ఇప్పుడు దాని మీద ఏఐ గీసిన ఇంకో నానమ్మ ఉంది. ఎంతమంది నానమ్మల బొమ్మలు చూసి నేర్చుకుందో దానికే తెలియాలి.

ఈ గెలుపు చెబుదామని ఊరెళ్లా. నానమ్మ కళ్లజోడు పెట్టుకుని పాత ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. గోటితో ఆ బొట్టుని గీకింది, ఊడొస్తుందేమో అన్నట్టు.

"ఇదెవరు పెట్టారే?"

కంపెనీ, నోటీసు, 57వ సెక్షన్, ఎనిమిది వేలు... కథంతా చెప్పా. మొత్తం విని, "వాళ్లు నిన్ను అడగలేదు, సరే. మరి నువ్వు నన్నడిగావా?" అంది.

అడగలేదు. గుమ్మం చాటు నుంచి ఫోన్‌తో ఫొటో తీసి, అది చూసి గీశాను. ఇన్‌స్టా అంటే ఏంటో ఆవిడకి తెలియదు కదా, చెప్పేదేముందిలే అనుకున్నా. ఆ పచ్చళ్లాయన కూడా నా గురించి సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఏడాది మొదట్లో చదివిన రెండు వార్తలు గుర్తొచ్చాయి. 'కీడా కోలా' సినిమాలో బాలుగారి గొంతుని ఏఐతో, కుటుంబాన్ని అడక్కుండా వాడారంటూ ఎస్పీ చరణ్ నోటీసు పంపారు. ఇంచుమించు అప్పుడే రెహమాన్ కూడా 'లాల్ సలామ్' పాటలో, చనిపోయిన బంబా బక్యా, షాహుల్ హమీద్ గొంతుల్ని ఏఐతో వినిపించారు. కాకపోతే వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నాననీ, డబ్బులూ ఇచ్చాననీ చెప్పారు. అప్పట్లో నేను చరణ్ వైపు నిలబడి పెద్ద స్టోరీ కూడా పెట్టా. మా నానమ్మ బొమ్మ ఉన్న అకౌంట్ నుంచే.

పొద్దున్నే నాలుగు వేలు తీసి నానమ్మ చేతిలో పెట్టా. వద్దంటుందనుకున్నా. రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

"ఇన్‌స్టాలోంచి బొమ్మ తీసేయనా నానమ్మా?"

"నువ్వేసింది ఉండనీవే."

ప్యాకెట్ మాత్రం తిరిగివ్వలేదు. తర్వాత చూస్తే బీరువాలో, తాతయ్య ఫొటో పక్కన ఉంది.