తడ పొలిమేరలో

గత డిసెంబరులో ఒక శనివారము ఉదయము మేమిద్దరము సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి తడకు వెళ్ళాము. మా సంఘములో పెరిగి, ఇంజనీరింగు చదివి, అక్కడికి దగ్గరలోని ఒక ఫ్యాక్టరీలో చేరిన కుర్రవాడు నాలుగు నెలలుగా ఆరాధనకు రావడము లేదు. "ఒకసారి చూసి రండి అయ్యగారూ" అని అతని తల్లి ప్రాధేయపడింది.

తడ మన రాష్ట్రపు దక్షిణ పొలిమేర. చెన్నై రహదారి మీద మరికొంత దూరము పోతే బోర్డులు తమిళములోకి మారిపోతాయి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలము 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. తూర్పున పులికాట్ సరస్సు. సముద్రపు ఉప్పునీరు, కాళంగి వంటి నదుల మంచినీరు అక్కడ కలుస్తాయి. చలికాలము గనుక రాజహంసలు వచ్చి ఉన్నాయి. ఇరకం దీవి జనము సరుకుల సంచులతో పడవ కోసము ఎదురుచూస్తున్నారు. పడమట 2008లో ప్రారంభమైన శ్రీసిటీ. ఎన్నో ఊళ్ళ పట్టభద్రులు అక్కడి ఫ్యాక్టరీలను నమ్ముకొని వచ్చి తడ చుట్టుపక్కల అద్దె గదులలో ఉంటున్నారు.

మా వాడు రాత్రి షిఫ్టు ముగించుకొని అప్పుడే వచ్చాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాము. చాలాసేపటికి నోరు విప్పాడు.

"షిఫ్టుల వల్ల రాలేకపోతున్నానని అమ్మకు చెప్పినాను అయ్యగారూ. అది నిజము కాదు. తయారైన సామాను పరీక్షించి సంతకము పెట్టడము నా పని. ఒక రాత్రి లారీ నిలబడి ఉందని, చూడకుండానే పెట్టమన్నారు. పెట్టినాను. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఈ చేత్తో ప్రభుబల్ల ఎట్లా తీసుకొనేది?"

వెంటనే ఏమి చెప్పాలో మాకు తోచలేదు. చదువు కోసము తెచ్చిన బ్యాంకు అప్పు అతని నెత్తిమీద ఉన్నది. ఉద్యోగము వదిలెయ్యమని చెప్పడము మాకు సులభమే. కంతులు కట్టవలసింది అతడు.

ముగ్గురము రోడ్డు పక్కన నడిచాము. ఒకప్పుడు భీమునివారిపాలెం చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి నిలిచేవి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక ఆ అమ్మకపు పన్ను తనిఖీ పోయింది. "నీ తనిఖీ కూడా అట్లాగే పోయింది నాయనా! అడిగేవాడు లేడనుకున్నావు" అన్నాము. అతడు తల వంచుకొన్నాడు.

దానియేలు కూడా పరదేశములో చదివిన యౌవనుడే. బబులోనులో మూడేండ్ల శిక్షణ పొందాడు, రాజు కొలువు చేశాడు. కొలువు మానలేదు గాని, తన్ను అపవిత్రపరచే దానికి ఒప్పుకోలేదు. ఆ మాట కూడా వినయముతోనే అడిగాడు.

మన ప్రాంతపు చరిత్ర కూడా చెప్పాము. 1865లో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషనరీ మైలియస్ దొరగారు సూళ్లూరుపేటలో సేవ మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు జర్మను మిషనరీలు నిలవలేకపోయారు. చూసే దొరలు లేకపోయినా విశ్వాసులు ప్రార్థన మానలేదు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము నేటికీ ఉన్నది.

రైలు వచ్చేలోగా స్టేషను బల్ల మీదనే ప్రార్థించాము. అతడు ఏడ్చాడు.

ఫిబ్రవరిలో ఫోను చేశాడు. చూడని సామానుకు సంతకము పెట్టనని మర్యాదగా చెప్పాడట. అతనిని వేరే విభాగానికి మార్చారు, రావలసిన ఇంక్రిమెంటు ఆగిపోయింది. "కష్టంగానే ఉంది అయ్యగారూ, కాని నిద్ర పడుతోంది" అన్నాడు. ఆ ఆదివారము షిఫ్టు లేదు. తల్లి పక్కన కూర్చొని ప్రభుబల్లలో పాలుపొందాడు.

తలిదండ్రులారా, మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంతని అడుగుతాము. అక్కడ నీ చేత ఏమి చేయిస్తున్నారని కూడా ప్రేమతో అడుగుదాము. చెప్పుకొనే చోటు దొరికితే వారు నిలబడగలరు.