ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

సిస్టం బూట్ అవ్వట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే మనోళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం బాసూ". హాస్టల్ రోజుల్లో అంటుకున్న అలవాటది. ఇప్పుడు ఆఫీసుల్లో కూడా అదే వైద్యం, కాస్త పెద్ద పేర్లతో: కంటెయినర్ పడిపోయిందా, చంపేసి కొత్తది లేపు, ఎందుకు పడిందో తర్వాత చూద్దాం. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాదనుకోండి, అది వేరే సంగతి. పారేసినా మళ్ళీ తయారయ్యేవాటికి ఈ వైద్యం చాలు. నా గోలంతా అలా తయారవ్వని వాటి గురించే.

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా టీములో యాభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర అమీగా 1200 ఉంది. తెలియనివాళ్ళ కోసం: కమడోర్ కంపెనీ 1992లో దించిన ఇంటి కంప్యూటరు. కీబోర్డు, మదర్‌బోర్డు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. మన బాబాయిల వయసు వాళ్ళు యూరప్‌లో దీనిమీద ఆడుకుంటూ పెరిగారు. కంపెనీ మాత్రం 1994లో దివాలా తీసింది, అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ హార్డ్ డిస్కులో ఈయన నాన్నగారు టైపు చేసుకున్న ఉత్తరాలున్నాయి. ఆ నాన్నగారు ఇప్పుడు లేరు, ఉత్తరాలకి వేరే కాపీ కూడా లేదు. ఆన్ చేస్తే తెరమీద ఫ్లాపీ పెట్టమనే బొమ్మ వచ్చి ఊరుకుంటోంది. రిపేరు చేసే అతనెవరో చూసి "డిస్కు పోయింది, తీసేసి మెమరీ కార్డు పెట్టేద్దాం" అన్నాట్ట.

ఆ బొమ్మని చూసి అంత మాట అనెయ్యటం నాకు నచ్చలేదు. అమీగాలో రామ్ (ఆ మెమరీ) పాడైతే తెర ఆకుపచ్చగా, రామ్ బాగుండి రోమ్ పాడైతే ఎర్రగా అయిపోయి అక్కడే ఆగిపోతుంది. ఫ్లాపీ బొమ్మ దాకా వచ్చిందంటే ఆ రెండూ దాటినట్టే. "బూట్ చెయ్యటానికి నాకేమీ దొరకలేదు" అని మాత్రమే దానర్థం. ఎందుకు దొరకలేదో అదే చెప్తుంది, మనం అడగాలంతే. ఆన్ చేసేటప్పుడు మౌసు బటన్లు రెండూ నొక్కి పట్టుకుంటే ఒక మెనూ వస్తుంది. ఏ డ్రైవులు కనిపించాయో, ఏది ముందు ప్రయత్నించాలో అందులో ఉంటుంది. మొదటిసారి ఫ్లాపీ డ్రైవు తప్ప ఏమీ లేదు. డిస్కు మాత్రం లోపల గుయ్యిమని తిరుగుతూనే ఉంది! అలా తిరగనిచ్చి, కరెంటు తియ్యకుండా కంట్రోల్ కీతో రెండు అమీగా కీలూ కలిపి నొక్కితే రీసెట్ అయింది. ఈసారి డీహెచ్0 ప్రత్యక్షం.

ముసలి డిస్కు కదండీ, పూర్తి వేగం అందుకోటానికి టైము పడుతోంది. రోమ్ కాసేపు చూసి, లేదనుకుని ముందుకెళ్ళిపోతోంది. రీసెట్ కొట్టేసరికి డిస్కు అప్పటికే తిరుగుతోంది కాబట్టి దొరికేసింది.

అదే మెనూలో స్టార్టప్ సీక్వెన్స్ లేకుండా బూట్ చెయ్యటానికి ఇంకో బటన్ ఉంది. మన డాస్‌లో ఆటోఎగ్జెక్ దాటేసినట్టు. అది నొక్కితే నల్ల అక్షరాల ప్రాంప్టు. డిర్ అని కొడితే పేర్లన్నీ వరసగా వచ్చాయి, ఉత్తరాల డైరెక్టరీతో సహా. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఒకటి తెరవమన్నారు. నేను వద్దన్నాను. అలాంటి డిస్కు ఇంకెన్నిసార్లు లేస్తుందో ఎవరికి తెలుసు, తిరుగుతున్నప్పుడు చెయ్యాల్సిన మొదటి పని కాపీ. ఆయన మొహం చూస్తే బాధేసింది గానీ ఆపేశాను.

డిస్కు ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో లినక్స్ లాప్‌టాప్‌కి తగిలించాం. ఈ చిన్న డిస్కులకి కరెంటు కూడా ఆ 44 పిన్నుల్లోంచే వస్తుంది, ఒక్క వరస పక్కకి జరిగితే అయిపోయినట్టే, అందుకని టార్చి వేసి మరీ చూసుకున్నా. విండోస్ జోలికి మాత్రం వెళ్ళలేదు. అమీగా తన పార్టిషన్ల వివరాలు డిస్కు మొదటి 16 బ్లాకుల్లో రాసుకుంటుంది. విండోస్‌కి ఆ రాత అర్థం కాదు, ఖాళీ డిస్కనుకుని "ఇనీషియలైజ్ చెయ్యనా?" అని మర్యాదగా అడుగుతుంది. ఓకే కొడితే ఆ వివరాల మీదే రాసేస్తుంది. మన హాస్టల్ వైద్యుడే, కాకపోతే టై కట్టుకుని వచ్చాడు.

లినక్స్‌కి అమీగా పార్టిషన్లూ, ఫైల్ సిస్టమూ రెండూ తెలుసు. ముందు డిస్కు మొత్తాన్ని ఇమేజ్ తీసి, దాన్ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాక అప్పుడు ఉత్తరాలు తెరిచాం. మొదటిది కౌన్సిల్ వాళ్ళకి చెత్త బండి గురించి రాసిన ఫిర్యాదు. ఆయన చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు.

డిస్కు మళ్ళీ దాని డబ్బాలోకే వెళ్ళింది. మెమరీ కార్డు ఆయన వద్దన్నారు, ఆ గుయ్యిమనే చప్పుడే కావాలట. రోజూ రీసెట్ కొట్టుకుంటారట. వచ్చే శనివారం కెపాసిటర్లు మార్చాలి, ఈ మోడల్లో అవి కారి బోర్డుని తినేస్తాయి.