పెదతాత వెళ్లిన దీవి

‘బులా!’

ఫిజీలో విమానం దిగినవాళ్ల చెవిన పడే తొలిమాట ఇది. నమస్కారం, బాగున్నారా, చల్లగా ఉండండి... అన్నీ ఆ ఒక్క మాటలోనే. చెవి వెనక మందారం పెట్టుకుని గిటార్లు వాయిస్తూ స్వాగతం పలుకుతున్నవాళ్లను చూసి మా స్నేహితురాలి పిల్లలిద్దరూ అప్పుడే ‘బులా... బులా’ అంటూ గంతులు మొదలుపెట్టారు.

మావారి ఉద్యోగరీత్యా మూడేళ్లుగా ఫిజీ రాజధాని సువాలో ఉంటున్నాం. ఫోన్‌ చేసినప్పుడల్లా ‘మీకేమ్మా, సముద్రం ఒడ్డున హాయిగా ఉన్నారు’ అంటుంటారు బంధువులు. కానీ హైదరాబాద్‌ నుంచి నేరుగా విమానం లేదు. సింగపూర్‌ మీదుగానో హాంకాంగ్‌ మీదుగానో రావాలి. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ రాలేదు. ఈ జులైలో మాత్రం నా చిన్ననాటి స్నేహితురాలు విశాఖపట్నం నుంచి భర్త, పిల్లలతో పది రోజులకని వచ్చేసింది. వెంట డెబ్భై రెండేళ్ల వాళ్లమ్మగారు కూడా. ఎక్కడెక్కడ తిప్పాలో నేను ముందే పట్టిక రాసిపెట్టుకున్నా. కారెక్కగానే పిన్నిగారు అడిగిన ఒక్క ప్రశ్నతో అదంతా తారుమారైంది.

‘అమ్మాయ్‌, ఇక్కడ చెరకుతోటలు ఎటేపున్నాయి?’

రాసేది నది... పలికేది నంది!

ఫిజీలో మూడొందలకు పైగా దీవులున్నాయి. వాటిలో జనం నివసించేవి వందకు పైగా ఉంటాయంతే. అన్నిటికంటే పెద్దది విటిలెవు. రాజధాని సువా ఈ దీవికి తూర్పున ఉంటే, అంతర్జాతీయ విమానాశ్రయం పడమటి అంచునున్న ‘నంది’లో ఉంది. ఇంగ్లిషు బోర్డుల మీద ‘నది’ అనే ఉంటుంది కానీ, ఫిజీ భాషలో ‘డ’ ముందు సున్నా దానంతటదే వచ్చేస్తుంది. అలాగే సిగటోకా అని రాసి సింగటోకా అంటారు. మన శివాలయం ముందు నందికీ ఈ ఊరికీ సంబంధం లేదని చెబితే పిల్లలు ఎంతకీ నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. ఊరి ప్రధాన వీధి చివర రంగురంగుల గోపురంతో శివసుబ్రహ్మణ్యస్వామి ఆలయం కనిపిస్తుంది. అచ్చం తమిళనాడులో ఉన్నట్లే ఉంటుంది. ఇప్పుడున్న కట్టడం 1994లో పూర్తయింది. దర్శనం చేసుకుని మండపంలో కూర్చున్నాక, పిన్నిగారు చెరకుతోటల సంగతి బయటపెట్టారు.

‘మా తాతకి అన్నగారు ఒకాయన ఉండేవాడటమ్మా. చెప్పాపెట్టకుండా ఎల్లిపోనాడు. అందరూ రంగం ఎల్లిపోనాడనుకున్నారు. కొన్నేళ్లకి ఎవరిచేతో రాయించిన ఉత్తరం ఒకటొచ్చింది. పిజీ దీవిలో చెరకు నరుకుతున్నానని. అంతే, మరి కబురు లేదు. మా తాత పోయేదాకా పండక్కి ఆయన పేరున ఇంత అన్నం తీసి పక్కన పెట్టేవాడు.’

ఆ ఉత్తరం ఇప్పుడు లేదు. పిన్నిగారికి తెలిసిందల్లా ఆయన పేరు, సొంతూరు పేరు.

అయిదేళ్ల కాగితం

ఫిజీకి మనవాళ్లను తీసుకొచ్చింది తెల్లదొరల చెరకుతోటలే. 1879 మే 14న ‘లియోనిదాస్‌’ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలతో ఇక్కడికి చేరింది. 1916 వరకూ మొత్తం అరవై వేలమందికి పైగా అలా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. తమిళులు, మలయాళీలతోపాటు విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ వాటిలో ఉన్నారు. అయిదేళ్లు పనిచేస్తామని వేలిముద్ర వేయించుకున్న ఒప్పందాన్ని ఇంగ్లిషులో ‘అగ్రిమెంట్‌’ అనేవారు. కూలీల నోట అది ‘గిర్మిట్‌’ అయింది. వాళ్లు గిర్మిటియాలయ్యారు. మగవాళ్లకు రోజుకు షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు కూలి. చెప్పిన పని పూర్తిచేస్తేనే ఆ డబ్బు. పదడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ ఉన్న గదిలో ముగ్గురేసి మగవాళ్లు సర్దుకోవాలి. ఆ బతుకును వాళ్లు ‘నరకం’ అని పిలుచుకున్నారు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే. కానీ పక్కన కూర్చున్న మనిషి ఇంట్లోంచే ఒకరు అలా వెళ్లారని వింటే ఆ లెక్కలు మరోలా వినిపించాయి.

అద్దంలాంటి సముద్రం

పిల్లల ముచ్చట తీర్చాలిగా. మర్నాడు నంది పక్కనున్న దెనరావ్‌ రేవు నుంచి మమనూకా దీవులకు పడవెక్కాం. టామ్‌ హాంక్స్‌ నటించిన ‘కాస్ట్‌ అవే’ తీసిన మొనురికి దీవి ఇక్కడిదే. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాలి గోళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నోట్లో గొట్టం పెట్టుకుని తల నీళ్లలో పెడితే చాలు... పగడపు దిబ్బల మధ్య పసుపు, నీలం చారల చేపలు మన వేళ్ల సందుల్లోంచే జారిపోతుంటాయి. పిల్లల్ని ఒడ్డుకు రప్పించడానికి వాళ్ల నాన్న బతిమాలాల్సి వచ్చింది.

పిన్నిగారు మాత్రం కొబ్బరిచెట్టు నీడన కూర్చుని సముద్రాన్నే చూస్తున్నారు. ‘అప్పట్లో ఎన్నాళ్లు పట్టేదో ఇక్కడికి రావడానికి?’ అన్నారు. తెరచాప ఓడలకైతే రెండు నెలలు దాటేది, ఆవిరి ఓడలొచ్చాక నెలరోజులు అని చెప్పా. ‘నెల్లాళ్లా!’ అని ఊరుకున్నారు.

మూడు చప్పట్లు

నంది నుంచి సువాకు దక్షిణపు ఒడ్డు వెంబడి క్వీన్స్‌ రోడ్డు మీద నాలుగు గంటల ప్రయాణం. మధ్యలో సింగటోకా ఇసుక దిబ్బలు ఆగి చూడాల్సినవి. ఫిజీ మొట్టమొదటి జాతీయ పార్కు ఇదే, 1989లో ఏర్పాటైంది. ఆ దారిలోనే మావారికి తెలిసినవాళ్లున్న ఓ పల్లెకు వెళ్లాం.

ఫిజీ పల్లెలో అడుగుపెట్టాలంటే కొన్ని మర్యాదలున్నాయి. టోపీ తీసెయ్యాలి. భుజాలూ మోకాళ్లూ కనిపించకూడదు. పిల్లలు ముద్దొచ్చినా తలమీద చెయ్యి వెయ్యకూడదు. ఊరిపెద్దకు ‘యంగోనా’ వేళ్ల కట్ట సమర్పించుకోవాలి. మన తాంబూలం లాంటిదన్నమాట. ఆ వేళ్లపొడిని పెద్ద కొయ్యగిన్నెలో నీళ్లతో కలిపి, వడగట్టి, కొబ్బరిచిప్పతో అందిస్తారు. ఓ చప్పట్టు కొట్టి, ‘బులా’ అని ఒక్క గుక్కలో తాగేసి, మూడు చప్పట్లు కొట్టాలి. నాలుక కాసేపు మొద్దుబారుతుంది. పిన్నిగారు ఓ గుక్క తాగి ‘బురదనీళ్లలా ఉందే’ అని నా చెవిలో గొణిగి, ఊరిపెద్ద వైపు చూసి నవ్వుతూ మూడు చప్పట్లూ కొట్టేశారు.

ఈ దేశంలో ఎనభై శాతానికి పైగా నేల స్థానిక ఫిజియన్లదే. దాన్ని అమ్మడానికి లేదు. భారత సంతతి రైతులు కౌలుకు తీసుకుని చెరకు వేస్తారు. ఆ నేల గురించీ అధికారం గురించీ రెండువర్గాల మధ్యా ఏళ్లతరబడి అపనమ్మకం నడిచింది. 1987లో, 2000లో ప్రభుత్వాలను కూలదోశారు. వేలమంది భారత సంతతివారు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వలసపోయారు. 2023లో అప్పటి సంగతులకు ప్రధాని రబుకా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 1987లో సైన్యంతో అధికారం లాక్కున్నది ఆయనే!

మూడేళ్లుగా అడగని మాట

సువాలో రెండు రోజులూ వానే. మ్యూజియంలో ‘బౌంటీ’ ఓడ చుక్కాని చూశాం. ఆనక జాతీయ పురావస్తు భాండాగారానికి వెళ్లాం. గిర్మిటియాల పాసులు భద్రపరిచింది ఇక్కడే. ఒక్కో పాసు మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు... అన్నీ రాసి ఉంటాయి. కానీ రాసినవాళ్లు తెల్ల గుమాస్తాలకు పనిచేసేవాళ్లు. మన పేర్లు వాళ్ల చెవికెలా వినబడితే అలా రాసుకున్నారు. మా పెదతాతదేమో సింహాద్రి స్వామి పేరు. ఆ పేరు ఉత్తరాంధ్రలో ఇంటికొకరికి ఉంటుంది. ఓడ పేరు తెలియదు, వచ్చిన ఏడు తెలియదు. పిన్నిగారు పట్టువదలకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. జాడ దొరకలేదు.

తిరిగొస్తూ కూరగాయలకని సువా మార్కెట్‌లో ఆగాం. నేను ఎప్పుడూ ఒకావిడ దగ్గరే బెండకాయలూ కరివేపాకూ కొంటా. ఇద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం. పిన్నిగారికి హిందీ రాదు. కరివేపాకు వాసన చూసి ‘ఏ ఊరమ్మా మీది?’ అనేశారు తెలుగులో. ఆవిడ చేతిలోని తూకపు రాయి అలాగే ఉండిపోయింది. ‘మా అమ్మమ్మ ఇలాగే మాట్లాడేది’ అంది హిందీలో. తనకు తెలుగు రాదట. బా పట్టణం దగ్గర ఉన్న పెద్దమ్మకు మాత్రం వచ్చట.

మూడేళ్లుగా వారం వారం చూస్తున్న మనిషి. మీదే ఊరని నేను ఒక్కసారైనా అడగలేదు.

‘అప్పా’

తిరుగు ప్రయాణంలో ఉత్తరాన ఉన్న కింగ్స్‌ రోడ్డు పట్టుకున్నాం. కొండలూ వానా దాటి రాకిరాకి చేరేసరికి ఎండ. అక్కడి నుంచి రోడ్డుకు రెండుపక్కలా చెరకే. 2016లో విన్‌స్టన్‌ తుపాను దెబ్బకు రాకిరాకి దగ్గరి మిల్లు మూతపడింది. ఆ తర్వాత అక్కడి చెరకునూ లారీల్లో బా మిల్లుకే తరలించారు. పిన్నిగారు కారాపించి, దిగి, గట్టు మీద నిలబడి ఒక చెరకుగడను చేత్తో తడిమి చూశారు. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మార్కెట్‌ ఆవిడ చెప్పిన ఇల్లు ఓ మామిడిచెట్టు కింద ఉంది. రేకుల కప్పు, ముందు బంతిపూలు. ఎనభై దాటిన ముసలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. పొలం కౌలు గడువు తీరి చేజారింది, ఇల్లు మిగిలింది. కొడుకులిద్దరూ సిడ్నీలో. భర్త పోయి పదేళ్లయిందట. ఆమెతో తెలుగులో మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

‘కూకో... కూకో’ అంది ముందుగా. తర్వాత మాట కోసం కాసేపు తడుముకుంది. సగం హిందీ, సగం తెలుగు. కానీ ఆ తెలుగు! గుంట, సల్ది, గొడ్డూగోదా... పిన్నిగారి చిన్ననాటి పెరట్లోంచి వచ్చిన మాటల్లా ఉన్నాయి. వాళ్ల తాతది విశాఖపట్నం జిల్లా అని తెలుసు, ఊరి పేరు తెలియదు. నేను ఉండబట్టలేక తాతగారి పేరు అడగబోయా. పిన్నిగారు నా చెయ్యి నొక్కి ఆపారు.

‘కాకపోతే ఏటి చేస్తాం? వద్దులేమ్మా’ అన్నారు మెల్లగా. ఆనక ముసలమ్మ వైపు తిరిగి ‘అప్పా, అన్నం తిన్నావా?’ అని అడిగారు. మా ఉత్తరాంధ్రలో అక్కను అలాగే పిలుస్తారు. ఆ పిలుపు ఆమెకు అర్థమైంది. ఇద్దరూ చేతులు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. చేమాకును కొబ్బరిపాలలో ఉడికించిన కూర, రొట్టెలు పెట్టింది. బయల్దేరుతుంటే పిన్నిగారు సంచిలోంచి విశాఖ నుంచి తెచ్చిన కొత్త చీర తీసి ఆమె భుజాన కప్పారు.

విమానాశ్రయంలో పిల్లలు బొమ్మ కొబ్బరిచిప్పలతో ‘బులా’ అంటూ వీడ్కోలు చెప్పారు. పిన్నిగారు ఓ చీటీ నా చేతిలో పెట్టారు. దానిమీద పెదతాత పేరు, ఊరు, తాలూకా ఉన్నాయి. ‘నీకు వీలైనప్పుడు ఆ కాగితాలు మళ్లీ ఓసారి చూడమ్మా. తొందరేం లేదు, నూరేళ్లు దాటిపోయింది కదా’ అన్నారు.

ఆ చీటీ నా పర్సులోనే ఉంది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చా. జాడ తెలియలేదు. బా వైపు మాత్రం మొన్న మూడోసారి వెళ్లాం. మా కారు చప్పుడు వినగానే ముసలమ్మ లోపల్నుంచే కేకేసింది... ‘సెల్లి వచ్చిందా?’