తూటాయు, దయయు

శిష్యులు మాకు జాబులు వ్రాయుచుందురు. సమాసమునకు విగ్రహవాక్యమేమని యొకరు, బిడ్డకు మంచి పేరు చెప్పుమని యొకరు అడుగుదురు. ఇరువదియేండ్లుగా సంస్కృతమును ఆంగ్లమును బోధించుచున్న మమ్ము, ఏ తూటాతో జంతువును కొట్టవలెనని మాత్రము మొన్నటివరకు నెవ్వరును అడిగియుండలేదు.

అడిగినవాడు తిరుపతిలో మాయొద్ద చదివి, ఇప్పుడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. "అయ్యవారికి నమస్కారములు. ఈ శరత్కాలమున మొదటిసారిగా ఎల్క్ వేటకు పోవుచున్నాను. అనుమతిపత్రము చేతికి వచ్చినది. స్నేహితులు తలకొక తూటా పేరు చెప్పుచున్నారు. ఈ విద్య మీది కాదని యెరుగుదును. కాని యేది కొనబోయినను తప్పు చేయుచున్నట్లే యున్నది. మీరేమందురు?" అని వ్రాసెను.

మేము వెంటనే అహింసను గూర్చి మూడు పుటల యుత్తరము వ్రాసితిమి. ధర్మశాస్త్రములను, ఇతిహాసములను పిలిచి సాక్ష్యము చెప్పించితిమి. ఉత్తరము బాగుగనే కుదిరినది. పంపుటకు ముందు మరల చదువుకొనుచుండగా, మా నోటిలో ముప్పదియైదేండ్లనాటి యినుము రుచి తగిలినది.

1990 నాటి మాట. మా అవ్వగారి యూరు భాకరాపేట వైపున కొండక్రింది పల్లె. మాకప్పుడు పదేండ్లు. ఒకనాటి తెల్లవారుజామున మామిడితోట బావిగట్టున కణితి యొకటి పడియున్నదని కేక వినవచ్చినది. ఊరెల్ల పరుగెత్తెను. మూడుదినముల క్రిందట కొండమీద తుపాకి ప్రేలుట అందరును వినియుండిరి. ఎవరో నాటుతుపాకిలో మందు దట్టించి, సీసము చాలక విరిగిన యినుపముక్కలు వేసి కాల్చిరట. కడుపునను తొడను గాయములు, వానిపై ఈగలు. మూడుదినములు ఆ జంతువు నీటికొరకు దిగివచ్చెను కాబోలు. కన్నులు తెరచి మమ్ము చూచుచునే యుండెను. పెద్దవాడొకడు గొడ్డలితో దాని బాధ ముగించెను. చెడని మాంసమును ఇంటింటికిని పంచిరి. మా యింటికిని వచ్చినది, మేమును తింటిమి. ముద్ద నములుచుండగా పంటిక్రింద కటుక్కుమన్నది. తీసి చూడగా మేకుతల. అవ్వ దానిని కడిగి గోడగూటిలో పెట్టి, "తిను నాయనా" అనెను. మేము తక్కినది కూడ తింటిమి.

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోనే వచ్చినది. అనుమతి లేని వేట నాటికే నేరము. శేషాచలము పైని శ్రీవేంకటేశ్వర జాతీయవనము 1989లో ఏర్పడినది. ఆ యూరిలో వీనిని తెలిసినవారు లేకపోలేదు, తెలిసియు భుజించిరి. అట్టి విస్తరిముందు కూర్చుండిన మేము, అనుమతిపత్రము చేతబట్టుకొనియు తప్పేమోనని వణకుచున్న బాలునకు అహింసను బోధించుటయా? మూడుపుటలను చించివేసి, "నాయనా, తెలిసికొని వ్రాసెదము" అని యొక వాక్యము మాత్రము వ్రాసితిమి. పిమ్మట నెలదినములు ఆ విద్యనే చదివితిమి.

ఎల్క్ అనునది మన కణితికి దూరపు బంధువు, కాశ్మీరపు హంగులునకు దగ్గర చుట్టము. సింహళములోని తెల్లదొరలు కణితినే ఎల్క్ అని పిలిచెడివారు. కొలరాడోలోని మగ ఎల్క్ మూడువందల కిలోలకు మించియు తూగగలదు. అంతటి జంతువు గాయపడి పరుగెత్తినచో కొండలను దాటిపోవును. కనుక అచ్చటి చట్టము వేటగానికి హద్దులేర్పరచినది. గుండు అడ్డుకొలత అంగుళములో 0.24 వంతునకు తగ్గరాదు. తూకము 85 గ్రెయిన్లకు తగ్గరాదు. అది తగిలిన పిమ్మట విచ్చుకొనునదై యుండవలెను.

ఈ కడపటి నియమము మమ్ము నిలువరించినది. విచ్చుకొను గుండ్లకు లోకమున డమ్‌డమ్ గుండ్లని పేరు. కలకత్తా సమీపముననున్న డమ్‌డమ్ ఆయుధశాలలో పుట్టినవి గనుక ఆ పేరు వచ్చినది. మనుష్యుని దేహమున క్రూరమైన గాయము చేయునని 1899లో హేగు నగరపు సభ వానిని యుద్ధమున నిషేధించినది. యుద్ధమున క్రూరమని త్రోసివేసిన దానినే వేటలో తప్పక వాడవలెనట! విచారింపగా విరోధము లేదు. యుద్ధమున శత్రువు పోరాడలేకపోయిన చాలును. గాయపడినవానిని మోసికొనిపోవువారును, కట్టుకట్టువారును కలరు. మృగమునకు వైద్యుడెవడు? సన్నని రంధ్రము చేసి దూసికొనిపోవు గుండు దానిని దినములతరబడి చంపును. ఊపిరితిత్తులలో విచ్చుకొనునది క్షణములలో చంపును. ఒకే వస్తువు ఒకచోట క్రౌర్యము, వేరొకచోట కనికరము.

ఎల్క్‌కు పలువురు మెచ్చు గుండు తూకము 180 గ్రెయిన్లు. మన పెద్దల లెక్కలో అది సరిగా ఒక తులము. వెనుకటి వెండిరూపాయి యెత్తు. తులమెత్తు లోహముపై నింత ధర్మము వ్రేలాడుచున్నదని మాకు తెలియలేదు. ఆ తులము ఎట్లు కట్టబడినదన్నది వేరొక ప్రశ్న. 1946లో జాన్ నాస్లర్ అను అమెరికా వేటగాడు కెనడాలో మూజ్ అను మహామృగమును కొట్టగా, గుండు లోనికి పోక పైననే చిట్లినది. ఆతడు తూటాను నిందించి ఊరకుండలేదు. నడుమ అడ్డుగోడ గల గుండును నిర్మించెను. ముందుసగము విచ్చుకొనును, వెనుకసగము చెదరక లోనికి పోవును.

సీసపు గుండు చిట్లినపుడు కంటికి కనబడని రేణువులు మాంసమున చెదరును. వేటగాండ్రు విడిచిన ప్రేగులను తిని కాలిఫోర్నియాలోని కాండర్ గ్రద్దలు సీసపు విషమున చచ్చినవి. 2019 నుండి ఆ రాష్ట్రమున వేటకు సీసపు గుండ్లే కూడవు. బిడ్డల దేహమున ఇంత సీసము హానిలేనిదని వైద్యులు చెప్పగల కొలత లేదు. మా శిష్యునకు మూడేండ్ల కూతురు కలదు. ఇది చదివినపుడు మరల మా పంటిక్రింద ఆ మేకుతల కటుక్కుమన్నది.

అప్పుడిట్లు వ్రాసితిమి: "నాయనా, నీయొద్దనున్న .30-06 తుపాకి చాలును. అంతకు మించినదానికి ఆశపడకుము. దాని తాకిడికి భుజము జంకును, జంకిన భుజము గురి తప్పించును. పూర్తిగ రాగితో చేసిన గుండు కొనుము. రాగి లోనికి బాగుగ పోవును గనుక తులమునకు కొంత తక్కువయైనను, 165 గ్రెయిన్లు చాలును. ఏ తూటాతో వేటాడుదువో దానితోనే అభ్యసింపుము. తూటా మారిన గురియు మారును. రాగి విచ్చుకొనుటకు వేగము కావలెను, దూరము పెరిగినకొలది వేగము తగ్గును. కనుక రెండువందల గజములకు మించి కాల్చకుము. దాని వెనుక నేమున్నదో కనబడనిచో కాల్చనేకాల్చకుము. శబ్దమును బట్టి బాణము విడిచిన దశరథుని కథ నీకు మేమే చెప్పితిమి. ఆ రాజునకు గురి తప్పలేదు, చూపు లేకపోయినది. ఇంత చేయలేనని తోచిన పత్రమును చించివేయుము."

కార్తికమున జాబు వచ్చినది. "అయ్యవారూ, మొదట రెండుసార్లు తుపాకి దించితిని. ఒకసారి దూరము హెచ్చు. ఒకసారి వెనుక ఆడుజంతువు నిలిచియుండెను. నాలుగవనాటి యుదయమున నూటనలువది గజములలో దొరకినది. ఒకటే తూటా. నలువది యడుగులు నడచి పడినది. సంతోషము కలుగలేదు; దుఃఖము కలిగెనని వ్రాసినను అబద్ధమగును. కొంతసేపు దాని ప్రక్కన కూర్చుంటిని. పాప ఇంటికి తెచ్చినది తినుచున్నది."

మాకు వేట రుచించినదని చదువరులు తలపవలదు. ఇప్పటికిని రుచింపదు. శేషాచలమున కణితికి తగిన తూటా యేది యని యెవరైన అడిగిన, లేదనియే చెప్పుదుము. 1991 సవరణము పిమ్మట అడుగుటకు అవకాశమే లేదు. అయినను కొండచరియలలో ఉచ్చులును నాటుతుపాకులును మాయలేదు. చాటున తెచ్చి "కొండమాంస"మని అమ్మువాడును, తలుపు మూసికొని కొనువాడును కలరు. అట్టివారిలో అహింసను పొగడువారును కలరు. మూడుపుటల దయ వ్రాయుట మాకు సులభమైనది. ఒక జంతువు చావునకు ఎన్ని నిమిషములు పట్టునని లెక్కించుట నేర్చికొనుటకు నెల పట్టినది, అదియు శిష్యుని వలన.

అవ్వ పోయినది. ఆ యిల్లును పడగొట్టిరి. గూటిలోని మేకుతల మన్నులో కలిసియుండును. పల్లెలోని బంధువులు పండుగకు పిలిచినపుడు పోవుచుందుము. ఆ కూర వడ్డింపవచ్చినపుడు విస్తరిపై చేయి అడ్డుపెట్టి, ఎందుకో అందరికిని వినబడునట్లు చెప్పుచుందుము.