కూలీ చేపలు

కూలీ అనే మాట వినగానే మన కన్నుల ముందు బరువులు మోసే మనిషి నిలుస్తాడు. గాజు తొట్టెలలో రంగు చేపలను పెంచేవారు ‘కూలీ లోచ్’ అని పిలిచే చేప ఒకటి ఉన్నది. తొట్టె అడుగున తిరుగుతూ ఇతర చేపలు వదలిన ఎంగిలిని ఏరుకొని తింటుంది గనుక దానికి ఆ పేరు వచ్చినదని మా మిత్రులలో పలువురి నమ్మకం. ‘తొట్టె శుభ్రం చేస్తుంది, వేరే మేత అక్కరలేదు’ అని చెప్పి అమ్మే దుకాణదారులూ లేకపోలేదు. పేరు విషయంలోను, మేత విషయంలోను ఈ మాట నిజం కాదు.

హైన్రిష్ కూల్ అనే జర్మన్ యువకుడు జంతుశాస్త్ర పరిశోధనకై 1820లో జావా ద్వీపం చేరి, ఏడాది తిరగకుండానే 1821లో జబ్బుపడి కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్లు నిండలేదు. 1846లో వాలెంసియెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చేపను వర్ణించి, దానికి ఆ యువకుని పేరు పెట్టాడు. మనకంటె నాలుగైదేళ్లు మాత్రమే పెద్దవాడైన ఒక జిజ్ఞాసువు స్మృతి ఈ చిన్న ప్రాణిలో నిలిచి ఉన్నదన్నమాట. మన కూలీకి, ఆ కూల్‌కు చెవికి వినిపించే పోలిక తప్ప వేరే సంబంధం లేదు.

ఈ చేప, దాని దగ్గరి బంధువులు ఆగ్నేయాసియాలోని అడవి వాగులలో, రాలిన ఆకుల కింద బ్రతుకుతాయి. పొడవు ఎనిమిది, పది సెంటీమీటర్లకు మించదు. వానపామువంటి శరీరంపై పసుపు, నలుపు పట్టెలు ఉంటాయి. కన్నులపై పారదర్శకమైన చర్మం కప్పి ఉంటుంది. ఇసుకలో దూరినా కన్నులకు హాని కలుగదు. మూతి చుట్టూ ఉన్న మీసాలతో చీకటిలో మేతను తడవి గుర్తిస్తుంది. పగలంతా దాగి ఉండి, వెలుతురు తగ్గగానే సంచారానికి బయలుదేరుతుంది.

రెండు సంవత్సరాల క్రిందట మా మిత్రుడొకడు ఇటువంటి చేపలు ఆరింటిని కొన్నాడు. తొట్టె పెద్దదే, నీరు స్వచ్ఛమే, మేతకు కొదువ లేదు. అయితే ఆ మేత ఉదయం పూట నీటిపై తేలేది. పైన తిరిగే జీబ్రా చేపలు, టెట్రాలు క్షణంలో దానిని ముగించేవి. అడుగుకు చేరినది మలినమే. నెల తిరిగేసరికి రెండు చేపలు చనిపోయాయి. మిగిలిన నాలుగూ దారపు పోగులవలె చిక్కిపోయాయి. “భాయ్, ఇవి కనబడనే కనబడవు, పెంచి ఏమి లాభం? నువ్వే తీసుకుపో” అని అతడు వాటిని మాకు అప్పగించాడు. నిజంగా కూలీలే అయినా, కూలి చెల్లించవలసిన ధర్మం ఒకటి ఉన్నది కదా!

వాటికి కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మా తొట్టె అడుగున గరుకు రాళ్లు తీసివేసి మెత్తని ఇసుక పరచాము. గరుకు రాళ్లపై మీసాలు అరిగిపోతాయి. దాగడానికి పగిలిన కుండ పెంకులు, కొబ్బరి చిప్పలు పెట్టాము. పెరటి బాదం చెట్టు నుండి రాలిన ఎండుటాకులు కడిగి వేశాము. నీటిని శుద్ధిచేసే యంత్రపు గొట్టానికి స్పాంజి తొడిగాము. లేకుంటే అందులోకి దూరిపోతాయి. తొట్టెపై సందు లేకుండా మూత ఉంచాము. వీటి పొలుసులు అతి సూక్ష్మమైనవి గనుక మందులు వేసేటప్పుడు మిక్కిలి జాగ్రత్త వహించాలి. ఒంటరిగా ఉంటే బెదరి బయటికి రావు గనుక మరి రెండింటిని కొని, జత ఆరుకు చేర్చాము.

అన్నింటికంటె ముఖ్యం మేత వేళ. దీపం ఆర్పిన అరగంటకు నీట మునిగే గుళికలు నాలుగైదు అడుగున వేసేవారము. ఎర్రని కాగితం చుట్టిన టార్చిలైటు వెలుగులో చూస్తే ఇసుక కదిలేది, ఒక్కొక్క తల బయటపడేది. మిగిలినదేమైనా ఉంటే ఉదయాన తీసివేసేవారము. రెండు నెలలకు వాటి పొట్టలు నిండాయి, పట్టెలు మెరుగెక్కాయి. ఇప్పుడు సాయంకాలం మబ్బు పట్టినా జంటలుగా బయటికి వస్తున్నాయి. చక్కగా చూసుకుంటే పది సంవత్సరాల దాకా జీవిస్తాయి.

ఈ పద్ధతిని మేము ఏ గ్రంథంలోనూ మొదట నేర్వలేదు. మా అబ్బా చాలా కాలం మిల్లులో రాత్రి పాళీ పని చేశారు. తెల్లవారుజామున ఇల్లు చేరేవారు. మా అమ్మీ రాత్రి మాకు వడ్డించడానికి ముందే ఆయన పాలు వేరే గిన్నెలో తీసి, మూత పెట్టేది. “అందరూ తినగా మిగిలినది పెట్టవచ్చుగదా” అని చిన్నతనంలో అడిగితే, “మిగలకపోతే?” అన్నది. పగటివేళ వచ్చిన చుట్టాలు ఆయన నిద్రను చూసి ఏమనుకునేవారో మాకు తెలియదు గాని, ఆ గిన్నెను మాత్రం వారెవరూ చూడలేదు.

మన తరగతులలోను రాత్రులు హోటళ్లలో, గిడ్డంగులలో పనిచేసి ఉదయం చివరి బల్లపై కూర్చునే సోదరులు ఉన్నారు. వారు పని లేని సాయంత్రం పుస్తకం కోసం వచ్చేసరికి గ్రంథాలయపు తలుపు మూసి ఉంటుంది. పగటివారు వదలినదే వారికి చాలునని ఎవరూ పైకి అనరు. ఏర్పాటు మాత్రం అటులే ఉన్నది. వారానికి రెండు సాయంత్రాలైనా మరొక గంట గ్రంథాలయాన్ని తెరచి ఉంచవలసినదిగా కళాశాల కార్యవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము. తాళం వేసే బాధ్యత వంతులవారీగా వహించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.